గ్రెయిన్ తుడిస్తే గోదావరీ పోతుంది: పాత సినిమాల ‘4కె’ క్లారిటీ వెనక లెక్క

క్లుప్తంగా: పాత సినిమాలను కొత్త ముద్రతో మళ్ళీ ఇళ్ళకు పంపుతున్నప్పుడు బొమ్మ మీది గ్రెయిన్‌ను, అంటే సన్నగా కదిలే చుక్కలను, తుడిచెయ్యడం మామూలైపోయింది. గ్రెయిన్ ఫిల్ముకు పట్టిన మురికి కాదు, బొమ్మ తయారైన పదార్థమే అది. గోదావరి డెల్టాలో తీసిన దృశ్యాల్లో నీటి అలలు, వరి చేలు, కొబ్బరాకులు కూడా సాఫ్ట్‌వేర్‌కు గ్రెయిన్ లాగే కనిపిస్తాయి. అందుకే ఆ తుడుపులో నష్టం వీటికి ఎక్కువ. ఏ రీలు నుంచి స్కాన్ చేశారు, వీడియోకు ఎన్ని బిట్లు (సెకనుకు ఎంత డేటా) కేటాయించారు అన్న రెండు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టే నాణ్యత ఉంటుంది తప్ప, పేరు పక్కన వేసిన అంకెను బట్టి కాదు.

2022 ఆగస్టులో ‘పోకిరి’ని 4కెలో, అంటే అడ్డంగా దాదాపు నాలుగు వేల పిక్సెళ్ళ బొమ్మతో, ప్రత్యేక ఆటలుగా మళ్ళీ వేసినప్పటి నుంచి తెలుగులో పాత సినిమాకు కొత్త గిరాకీ పుట్టింది. హీరోల పుట్టినరోజులకు రీ-రిలీజులు పడుతున్నాయి. వాటితో పాటే యూట్యూబులోనూ ఓటీటీల్లోనూ ఉన్న పాత సినిమాల పక్కన ‘4కె’, ‘రీమాస్టర్డ్’, ‘ఏఐ హెచ్‌డీ’ అనే ముద్రలు చేరాయి. గోదావరి జిల్లాల ప్రేక్షకుడికి ఈ వరసలో ప్రత్యేకమైన ఆసక్తి ఒకటుంది. యాభై అరవై ఏళ్ళ కిందట రేవులు, లాంచీలు, లంకలు ఎలా ఉండేవో, కొత్త వంతెనలు పడకముందు నది ఎంత విశాలంగా కనిపించేదో చూడాలంటే చాలామందికి దొరికే ఆధారం ఆ సినిమాలే.

ఆ వీడియోల మీద వినిపించే ఫిర్యాదులు రెండు రకాలు. ‘4కె అన్నారు, తీరా చూస్తే బొమ్మంతా చుక్కలు చుక్కలుగా ఉంది’ అనేది ఒకటి. ‘బొమ్మ శుభ్రంగానే ఉంది గానీ మనుషులు మైనపు బొమ్మల్లా, నది పరిచిన ప్లాస్టిక్ పట్టాలా ఉంది’ అనేది రెండోది. ఒకదానికొకటి ఎదురు నిలబడినట్టున్న ఈ రెండు మాటలూ నిజానికి ఒకే చోటి నుంచి వస్తున్నాయి. మొదటి ఫిర్యాదుకు భయపడి చేసిన పని వల్లే రెండో ఫిర్యాదు పుడుతోంది.

చుక్కలు ఎక్కడివి?

ఫిల్ము అంటే పారదర్శకమైన పట్టీ మీద జెలటిన్ పూత. ఆ పూతలో వెండి లవణాల స్ఫటికాలు కలిసి ఉంటాయి. కెమెరాలో వెలుతురు తగిలిన స్ఫటికం ల్యాబులో డెవలపర్ అనే రసాయనం తగలగానే నల్లటి వెండిగా మారుతుంది. నలుపు తెలుపు సినిమాలో తెర మీద కనిపించే నలుపంతా ఆ వెండి నీడే. రంగు ఫిల్ములో ఇంకో మెట్టు ఉంది. వెండి ఏర్పడిన చోటే రంగు కూడా ఏర్పడుతుంది, తర్వాత వెండిని రసాయనాలతో కరిగించి తీసేస్తారు, రంగు మరకలు మాత్రం మిగులుతాయి. ఈ స్ఫటికాలు డిజిటల్ కెమెరా పిక్సెళ్ళలా గళ్ళ వరసలో ఉండవు. చిన్నాపెద్దా కలిసి, ఒక్కో ఫ్రేములో ఒక్కో తీరుగా పడి ఉంటాయి. సెకనుకు 24 ఫ్రేములు పరిగెడుతుంటే, కదలని గోడ మీద కూడా ఏదో సన్నగా కదులుతున్నట్టు అనిపించేది అందుకే. దాన్నే గ్రెయిన్ అంటున్నారు.

ముగ్గులోంచి పిండిని తీసేసి ముగ్గును మాత్రం ఉంచమంటే ఎలా కుదరదో, ఫిల్ము బొమ్మలోంచి గ్రెయిన్‌ను పూర్తిగా తీసి బొమ్మను ఉంచడం కూడా అలాగే కుదరదు. కనురెప్ప వెంట్రుకైనా, పడవ తాడు పురి అయినా ఆ రేణువులతో కట్టిన గీతే.

గ్రెయిన్ ఎంత ఉండాలన్నది సినిమా తీసిన రోజునే చాలావరకు ఖాయమవుతుంది. తక్కువ వెలుతురులో పనిచేసే వేగవంతమైన ఫిల్ములో స్ఫటికాలు పెద్దవి, కాబట్టి గ్రెయిన్ ఎక్కువ. వెలుతురు చాలని షాటును ల్యాబులో ఎక్కువసేపు డెవలప్ చేసి పైకి లాగితే ఇంకా పెరుగుతుంది. ఎండలో తీసిన రేవు దృశ్యం నున్నగా ఉండి, వెంటనే వచ్చే సంధ్యవేళ దృశ్యం గరుకుగా కనిపిస్తే అది వీడియో లోపం కానక్కర్లేదు. పైగా అరవైల్లో, డెబ్భైల్లో విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల ముడి ఫిల్ము దిగుమతి మీద ప్రభుత్వ నియంత్రణ ఉండేది. తూర్పు జర్మనీ ఓర్వో ఫిల్ము మన సినిమాల్లోకి అలా విస్తారంగా వచ్చింది. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ పేరుతో తయారుచేసిన ఫిల్ము కూడా వాడకంలో ఉండేది. ఏ షాటుకు ఏ ఫిల్ము అన్నది ఛాయాగ్రాహకుడి ఇష్టం మీదే కాక ఆ నెల చేతికందిన సరుకు మీద కూడా ఆధారపడిన రోజులవి. ఒకే సినిమాలో గ్రెయిన్ తీరు మారిపోవడానికి అదీ ఒక కారణం. ఆ పరిమితుల్లోనే ‘ముత్యాల ముగ్గు’ (1975) ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్య జాతీయ పురస్కారం అందుకున్నారు. పురస్కారం పొందిన ఆ బొమ్మ గ్రెయిన్‌తో సహా ఉన్న బొమ్మే.

కాపీకి కాపీ

అన్ని చుక్కలూ పుట్టుకతో వచ్చినవి కావు. కెమెరాలో తిరిగింది నెగెటివ్. దాని నుంచి తీసిన పాజిటివ్ ప్రింటు థియేటర్‌కు వెళ్తుంది. ప్రింటుకూ తన గ్రెయిన్ తనకు ఉంటుంది, అది నెగెటివ్ గ్రెయిన్ మీద పేరుకుంటుంది. కాపీ మీద కాపీ తీసిన కొద్దీ గ్రెయిన్ పెరిగి, సన్నని వివరం తగ్గిపోతుంది. కాబట్టి నెగెటివ్ నుంచి చేసిన స్కానుకూ, థియేటర్‌లో ఆడి అరిగిన ప్రింటు నుంచి చేసిన స్కానుకూ పోలికే లేదు. రెండిటినీ 4కెలో స్కాన్ చెయ్యవచ్చు, రెండిటి మీదా 4కె అని రాయవచ్చు. 35 ఎంఎం నెగెటివ్‌లో 4కెకు తగ్గ వివరం ఉంటుంది. ఆడిన ప్రింటులో అంత మిగలదు.

సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు బొమ్మ గరుకుగా ఉండి, పేర్లు అయిపోగానే ఒక్కసారిగా తేటపడటం చాలామంది గమనించే ఉంటారు. నది మీద పడవ వెళ్తుంటే దాని మీద అక్షరాలు రావాలంటే ఆ రోజుల్లో రెండు బొమ్మలను ఆప్టికల్ ప్రింటర్‌లో కలిపి కొత్త నెగెటివ్ తీసేవారు. అంటే ఆ కాస్త ముక్క ఒక తరం కిందికి దిగిపోయిందన్నమాట. ఒక దృశ్యం కరిగి ఇంకో దృశ్యంలోకి మారే డిజాల్వులూ, పాటల్లో ఒకరి ముఖం మీద ఇంకొకరి ముఖం తేలే షాట్లూ ఇంతే. టైటిల్స్ చూసి ఒక వీడియోను కొట్టిపారెయ్యడం తొందరపాటు.

నెగెటివ్‌ను భద్రంగా ఉంచి, దాని నుంచి మధ్యలో ఇంకో జత కాపీలు తీసి, ప్రింట్లన్నీ వాటితో కొట్టడం పెద్ద విదేశీ స్టూడియోల పద్ధతి. ఖర్చు వల్ల మన దగ్గర చాలా సినిమాలకు ప్రింట్లను నేరుగా కెమెరా నెగెటివ్ నుంచే తీసేవారు. ప్రతి ప్రింటుకూ నెగెటివ్ ఒకసారి మిషన్‌లోంచి వెళ్ళాలి. బాగా ఆడిన సినిమాకు ప్రింట్లు ఎక్కువ, కాబట్టి గీతలూ ఎక్కువే. ఎవరూ చూడని సినిమా నెగెటివ్ మాత్రం కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది.

ప్రింట్ల సంగతి ఇంకా దారుణం. పంపిణీదారుల లెక్కలో ‘ఈస్ట్’, ‘వెస్ట్’ అని పిలిచే గోదావరి ఏరియాల్లో సినిమా బాక్సు ముందు రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం లాంటి చోట్ల ఆడి, తర్వాత బి సెంటర్లకూ సి సెంటర్లకూ, చివరికి టూరింగ్ టాకీసులకూ చేరేది. అప్పటికి తెర మీద నిలువు గీతల వాన కురుస్తూ ఉండేది. ఆట ముగిసిన ప్రింట్లలో కొన్ని గోడౌన్లలో మగ్గిపోయాయి, నలుపు తెలుపు ప్రింట్లు కొన్ని వెండి కోసం కరిగిపోయాయి.

వీడియో రోజులు వచ్చాక దొరికిన ప్రింటును, ఫిల్మును వీడియోగా మార్చే టెలిసినీ యంత్రం మీద తిప్పి టేపులోకి ఎక్కించారు. 1995లో మొదలైన తెలుగు శాటిలైట్ చానళ్ళకూ, ఆ తర్వాతి వీసీడీలకూ డీవీడీలకూ చాలాసార్లు మూలం ఆ టేపే. ఇవాళ ‘హెచ్‌డీ’ అని కనిపిస్తున్న వాటిలో కొన్ని ఆ టేపును సాగదీసినవి. వాటిలో కనిపించే మురికికి గ్రెయిన్ అన్న పేరు పెట్టడం అన్యాయం. అడ్డంగా పాకే సన్నటి చారలు, ఎర్ర చీర అంచు దాటి పక్కకు కారిన రంగు, చెయ్యి ఊపినప్పుడు దువ్వెన పళ్ళలా విడిపోయే అంచులు టేపు లక్షణాలు. గ్రెయిన్ అలా ఉండదు. అది బొమ్మంతటా సన్నగా, ప్రతి ఫ్రేములో కొత్తగా, ఆకాశం లాంటి మధ్యస్థపు వెలుతురులో ఎక్కువగా, కటిక నలుపులో తక్కువగా కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కు అలా చుక్కా ఒకటే

పాత సినిమాను బాగుచెయ్యడంలో రెండు వేరు వేరు పనులున్నాయి, వాటిని కలిపేయడం వల్లే గందరగోళం. దుమ్ము, గీతలు, అతుకుల దగ్గర ఎగుడుదిగుడు, వెలుతురు మిణుకుమనడం బయటి నుంచి వచ్చిన దెబ్బలు. వాటిని తీసెయ్యడంలో తగువు లేదు. రెండున్నర గంటల సినిమాలో 2,16,000 ఫ్రేములుంటాయి. 4కెలో ఒక్కో ఫ్రేము స్కాను 50 మెగాబైట్ల దాకా ఉంటుంది, మొత్తం దాదాపు 11 టెరాబైట్లు. మనుషులు కూర్చుని ఒక్కో గీతనూ పరిశీలించి తియ్యాలంటే నెలలు పడుతుంది. ఖర్చు తప్పించుకోవడానికి ఒకే మీట తిప్పి అన్నిటినీ ఒక్కసారే ‘శుభ్రం’ చేసే దారి ఉంది. ఆ మీట పేరే నాయిస్ రిడక్షన్. గ్రెయిన్ పోయేది అక్కడే.

అది పనిచేసే తీరు స్థూలంగా ఇది. ముందు బొమ్మలో నున్నని భాగం ఒకటి చూసి, అక్కడ ఎంత చుక్కదనం ఉందో కొలుస్తుంది. తర్వాత వరస ఫ్రేములను పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. ఫ్రేము నుంచి ఫ్రేముకు నిలిచి ఉన్నది బొమ్మ, మారిపోయింది నాయిస్ (అక్కర్లేని చుక్కలు) అని అనుకుంటుంది. మారినదాన్ని సగటు తీసి చదును చేస్తుంది. కార్యాలయం గదిలో ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునే దృశ్యంలో ఈ ఊహ చాలావరకు నిజమే అవుతుంది.

డెల్టాలో కాదు. ఇది బల్లపరుపు నేల. కొండ అడ్డం రాదు, విశాలమైన షాటు పెడితే తెరలో పైభాగం ఆకాశం, కిందిభాగం నీళ్ళో చేనో. సాఫ్ట్‌వేర్ కొలత తీసుకునేది ఆకాశం దగ్గర. రంగు ఫిల్ములో నీలం పొరలోనే గ్రెయిన్ ఎక్కువ, కాబట్టి ఆ కొలత ఘాటుగానే వస్తుంది. ఆ కొలతతో కిందికి దిగి చూస్తే అక్కడ గోదావరి పాయ గౌతమి మీద గాలికి లేచిన చిరు అలలు. సెకనులో ఇరవై నాలుగో వంతులో ఒక అల మీది తళుకు ఆరిపోయి పక్క అల మీద వెలుగుతుంది. సాఫ్ట్‌వేర్ నిర్వచనం ప్రకారం అది నాయిస్. గాలికి ఊగే వరి కంకులు, కొబ్బరి మట్టల చివళ్ళు, లంకలో ఇసుక, సన్నని తుంపర, పొద్దున్నే కాలువ మీద తేలే మంచు, ఆరేసిన వలల కన్నాలు అన్నీ చిన్నవి, క్రమం లేనివి, కదిలేవి. గ్రెయిన్‌కు ఉన్న గుణాలన్నీ వాటికీ ఉన్నాయి. మీట కొంచెం ఎక్కువ తిప్పితే ముందు పోయేది ఇవే. పడవా పడవలోని మనుషులూ మిగులుతారు, వాళ్ళ కింద ఉన్నది నీరు అన్న నమ్మకం పోతుంది.

నలుపు తెలుపు సినిమాల్లో ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. ‘మూగమనసులు’ (1964) లాంటి సినిమాలో కథ నడిచేదే గోదావరి మీద. నలుపు తెలుపులో నదికి రంగు లేదు. బూడిద రంగు నేలకూ బూడిద రంగు నీటికీ తేడా చూపించేది వెలుగు నీడల అల్లిక ఒక్కటే. అల్లికను చదును చేస్తే బురదకూ నదికీ ఒకే ముఖం. రంగు సినిమాలో కనీసం నీలమో ఎరుపో మిగిలి అది నీరని గుర్తు చేస్తుంది.

తుడుపు తర్వాత బొమ్మ మెత్తబడుతుంది. మెత్తదనం కప్పిపుచ్చడానికి పదును పెంచుతారు. అప్పుడు కొబ్బరిచెట్టు మానుకూ ఆకాశానికీ మధ్య తెల్లటి గీత ఒకటి మొలుస్తుంది. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచిన హేవలాక్ వంతెన ఇనుప కమ్మీల చుట్టూ కూడా అలాంటి గీతలే. నెమ్మదిగా కదిలే పడవ వెనక నీడలాంటి తోక కనిపిస్తే, అది ఫ్రేములను సగటు తీసినందుకు మిగిలిన ఆనవాలు. ముఖాల్లో చెమట, ముడతలు, చెంప మీది అమ్మోరు మచ్చలు ముందు పోతాయి. డెబ్భై ఏళ్ళ పాత్ర నలభై ఏళ్ళకు దిగుతుంది. పాత్రధారికి లాభమేమో గానీ కథకు కాదు.

‘ఏఐ 4కె’ది మరో దారి. అది తుడిచి ఊరుకోదు, పోయినచోట కొత్తది గీస్తుంది. తాను ఇదివరకు చూసిన లక్షల బొమ్మల్లోంచి ‘ఇక్కడ ఆకులు ఉండాలి’ అని ఊహించి ఆకులు వేస్తుంది. దూరంగా గట్టు మీద నిలబడ్డ పదిమందికి కళ్ళూ ముక్కూ అమర్చుతుంది. ఆ ముఖాలు ఆ రోజు అక్కడ నిలబడ్డవాళ్ళవి కావు. చూడటానికి బాగుంటే చాలనుకునేవారికి అభ్యంతరం ఉండకపోవచ్చు. పాత రేవునో పాత వీధినో ఆధారంగా చూడాలనుకునేవారికి మాత్రం అలాంటి వీడియో సాక్ష్యంగా పనికిరాదు.

బిట్ల పొదుపు

గ్రెయిన్‌ను తుడవడానికి ప్రేక్షకుల ఫిర్యాదు సగం కారణమైతే, మిగతా సగం లెక్కల గొడవ. వీడియోను చిన్నదిగా చేసే పద్ధతులన్నీ ఒక కిటుకు మీద నడుస్తాయి. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా పంపకుండా, ముందు ఫ్రేముకూ దీనికీ ఉన్న తేడాను మాత్రం పంపుతాయి. గోడ కదలదు, తేడా సున్న, బిట్లు ఆదా. గ్రెయిన్ ఉంటే ప్రతి ఫ్రేములో ప్రతి చోటా తేడాయే. బిట్లు చాలకపోతే కోడెక్ (వీడియోను ఇలా కుదించే సాఫ్ట్‌వేర్) చేతులెత్తేస్తుంది, బొమ్మ చతురస్రపు ముక్కలుగా పగులుతుంది.

వీసీడీలో బొమ్మ 352×288 పిక్సెళ్ళు, సెకనుకు 1.15 మెగాబిట్లు. అందులో గ్రెయిన్‌కే కాదు, అలలకే చోటు లేదు. డీవీడీకి వచ్చేసరికి 720×576. ఒక పొర డిస్కు 4.7 గిగాబైట్లు. రెండున్నర గంటల సినిమా ఒక్కటే ఉంటే సెకనుకు దాదాపు 4.2 మెగాబిట్లు దక్కుతాయి, అది గౌరవప్రదమే. అదే డిస్కులో మూడు సినిమాలు కుక్కితే తలకు 1.4. అంటే డీవీడీ పేరుతో ఇంటికొచ్చింది ఇంచుమించు వీసీడీ బిట్లే. ఒక దశలో వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు దొరికిన మార్కెట్‌లో ‘ఒకే డిస్కులో మూడు సినిమాలు’ అన్నది అమ్మకపు మాట, నాణ్యత మాట కాదు. రెండు పొరల బ్లూరే డిస్కు 50 గిగాబైట్లు. అందులో అదే సినిమాకు సెకనుకు 44 మెగాబిట్ల దాకా చోటుంది. పాత తెలుగు సినిమాలు ఆ డిస్కుల మీదకు ఎక్కడం అరుదు.

డిస్కుల కాలం పోయి ఫోన్ల కాలం వచ్చినా లెక్క మారలేదు. రోజుకు 1.5 గిగాబైట్ల డేటా ప్లానుతో రెండున్నర గంటల సినిమా మొత్తం చూడాలంటే సగటున సెకనుకు 1.3 మెగాబిట్లకు మించి వాడకూడదు. వీసీడీ కన్నా కొంచెం ఎక్కువ, అంతే. ఇప్పటి కోడెక్‌లు పాతవాటి కన్నా చాలా తెలివైనవి కాబట్టి అదే బిట్లతో మెరుగైన బొమ్మ ఇస్తాయి. ఇచ్చినా గ్రెయిన్‌ను మాత్రం ముందుగా త్యాగం చేస్తాయి. ఐ.పోలవరంలోనో ఆచంటలోనో మొబైల్ డేటా మీద చూసేవాళ్ళకు, ఇంటికి ఫైబర్ లైను ఉన్నవాళ్ళకు ఒకే లింకు రెండు వేరు సినిమాలు చూపిస్తుంది. ‘బానే ఉంది కదా’, ‘ఏం బావుంది’ అన్న వాదులాట సగం ఇక్కడిదే.

దీనికి ఒక మధ్యేమార్గం ఉంది. 2018లో ఖరారైన ఏవీ1 కోడెక్‌లో గ్రెయిన్‌ను ముందే కొలిచి, తీసేసి, నున్నని బొమ్మను పంపి, చూసే పరికరం దగ్గర అదే తీరు గ్రెయిన్‌ను మళ్ళీ పుట్టించే ఏర్పాటు ఉంది. నెట్‌ఫ్లిక్స్ దీన్ని వాడుతోంది. మళ్ళీ చల్లిన గ్రెయిన్ అసలుది కాదు, దాని పోలిక. కొలిచేటప్పుడు అలలను కూడా గ్రెయిన్‌గా పొరబడితే, పోయిన అలల స్థానంలో చుక్కలు వస్తాయి తప్ప అలలు రావు.

పచ్చదనం ముందు పోతుంది

రంగు ఫిల్ములో రంగులన్నీ ఒకే వేగంతో వెలిసిపోవు. 1980ల మొదట్లో తక్కువగా వెలిసే ప్రింటు ఫిల్ము రాకముందు నాటి ప్రింట్లలో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు అన్నిటికన్నా ముందు పోతుంది, బొమ్మ గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. తెర మీద ఆకుపచ్చ పుట్టేది సయాన్, పసుపు కలిసి. సయాన్ పోతే కోనసీమలో మొదట పోయేది కోనసీమే. వరదల కాలంలో వచ్చే ఎర్రనీరూ, మాఘమాసపు తేట నీరూ అలాంటి ప్రింటులో ఒకే రంగులో పారతాయి. వెలిసిన ప్రింటు నుంచి రంగును వెనక్కి లాగాలంటే బలహీనపడిన పొరను గట్టిగా పెంచాలి, దాంతో పాటు ఆ పొరలోని గ్రెయిన్ కూడా పెరుగుతుంది. అంటే రంగు బాగుచేసిన సినిమా కాస్త గరుకుగా కనిపించడంలో వింత లేదు.

కోస్తా ఉక్కబోత ఫిల్ముకు శత్రువు. ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ కుళ్ళి వెనిగర్ వాసన వేస్తుంది, ముడుచుకుపోతుంది. జెలటిన్‌ను బూజు తింటుంది. బూజు మచ్చ గ్రెయిన్ కాదు, అక్కడ బొమ్మే లేదు. తీరప్రాంతపు గోడౌన్లలో మిగిలిన ప్రింట్ల మీద ఆశ పెట్టుకోవడం కష్టం కాబట్టి ల్యాబులూ ఆర్కైవులే దిక్కు. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఫిల్ము ల్యాబులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పుణెలో 1964లో ఏర్పడిన జాతీయ ఫిల్ము ఆర్కైవు 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో కలిసింది.

వెడల్పు చేస్తే గరుకూ పెరుగుతుంది

తెలుగులో మొదటి సినిమాస్కోప్ (వెడల్పు తెర) సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ (1974). అంతకు ముందువన్నీ, ఆ తర్వాత కూడా చాలాకాలం కొన్ని, దాదాపు చదరపు బొమ్మలే. వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. వాటిని ఇప్పటి టీవీ తెర నిండా పరచాలంటే పైనా కిందా కలిపి 23 శాతం కొయ్యాలి. సినిమాస్కోప్‌లా 2.35 రెట్ల వెడల్పుకు చెయ్యాలంటే 42 శాతం. కొయ్యగా మిగిలిన బొమ్మను పెద్దది చేస్తారు, దానితో పాటు గ్రెయిన్ రేణువులూ పెద్దవవుతాయి. పెద్దవైన గ్రెయిన్‌ను చూసి మళ్ళీ తుడుపు మీట వైపు చెయ్యి వెళ్తుంది. ‘మాయాబజార్’ (1957)కు రంగులద్ది 2010లో మళ్ళీ విడుదల చేసినప్పటి నుంచి పాత సినిమాను కొత్త తెరకు సరిపెట్టడం మీద చర్చ తెలుగులో ఉన్నదే. అక్కడ రంగు గురించి జరిగినంత వాదన గ్రెయిన్ గురించి జరగలేదు. రంగు కనిపిస్తుంది, పోయిన అల్లిక కనిపించదు కదా.

బయట ఎలా ఉంది?

ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. హాలీవుడ్ సినిమా ‘ప్రెడేటర్’ (1987) 2010 బ్లూరేలో అడవీ మనుషులూ మైనంలా మారారని విమర్శలు వచ్చాయి. 2024లో జేమ్స్ కామెరాన్ సినిమా ‘ట్రూ లైస్’ 4కె డిస్కు మీదా అదే మాట. డబ్బు లేక జరిగిన పొరపాట్లు కావవి. మెరిసే కొత్త టీవీలో పాత సినిమా కొత్తదానిలా కనిపించాలన్న ఆలోచన అక్కడా ఉంది.

దీనికి రెండో కొస ‘పథేర్ పాంచాలి’ (1955)తో మొదలయ్యే అపు చిత్రత్రయం, సత్యజిత్ రే తీసిన మూడు బెంగాలీ సినిమాలు. 1993లో లండన్ ల్యాబులో జరిగిన అగ్నిప్రమాదంలో వాటి నెగెటివ్‌లు కాలిపోయాయి. కాలిన ముక్కలను రసాయనాలతో మెత్తబరచి, పనికొచ్చినంత మేర స్కాన్ చేసి, మిగిలినదాన్ని వేరే మంచి కాపీల నుంచి నింపి, 2015లో 4కెలో తెచ్చారు. ‘పథేర్ పాంచాలి’ కూడా డెల్టా పల్లె కథే, చెరువులూ రెల్లుగడ్డీ వానా నిండిన సినిమాయే. గ్రెయిన్‌ను ఉండనిచ్చారు కాబట్టే నీటి మీద పరుగులు తీసే పురుగులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. నెగెటివ్ కాలిపోయిన సినిమాకు సాధ్యపడినది, నెగెటివ్ భద్రంగా ఉన్న తెలుగు సినిమాకు సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. పైగా విదేశీ సినిమాలను బాగుచేసి పంపిన అనుభవం చెన్నైలో ప్రసాద్ సంస్థకు ఉంది. అడ్డంకి హక్కుల్లో ఉంది. నెగెటివ్ రైట్స్ ఒకరి దగ్గర, శాటిలైట్ రైట్స్ ఇంకొకరి దగ్గర, ఇంటర్నెట్ రైట్స్ మరొకరి దగ్గర ఉన్న సినిమాకు స్కాను ఖర్చు ఎవరు పెట్టాలన్నది తేలదు. చేతిలో టేపు ఉన్నవాడు టేపునే సాగదీస్తాడు.

రీ-రిలీజుల గిరాకీ వల్ల ఈ లెక్క కొంత మారే అవకాశముంది. థియేటర్‌లో టిక్కెట్టు కొనే జనం ఉన్నప్పుడు నెగెటివ్ వెతికి స్కాన్ చెయ్యడానికి ఆదాయం కనిపిస్తుంది. ఆ లాభం ముందు దక్కేది తొంభైలూ ఆ తర్వాతి స్టార్ సినిమాలకు. అరవైల నాటి పడవ సినిమాల వంతు వచ్చేసరికి వాటి నెగెటివ్‌లు ఏ స్థితిలో ఉంటాయన్నదే అసలు చిక్కు. అందుకే స్కాను మాత్రం గ్రెయిన్‌తో సహా ముందు చేసి దాచి, తుడుపు ఎంత అన్నది తర్వాత తేల్చుకోవడం మెరుగైన వరస. స్కాను ఉంటే రేపు ఇంకో తీరుగా బాగుచెయ్యవచ్చు. తుడిచిన ఫైలు ఒక్కటే మిగిలితే వెనక్కి వెళ్ళే దారి లేదు.

ఇంట్లో టీవీ చేసే పని

మంచి స్కాను వచ్చినా దాన్ని ఇంట్లో పాడుచేసుకునే వీలు పుష్కలంగా ఉంది. చాలా టీవీలు షోరూంలో ఆకట్టుకోవడానికి పెట్టిన ‘వివిడ్’ మోడ్‌లోనే ఇంటికొస్తాయి. అందులో పదును ఎక్కువ, కాబట్టి గ్రెయిన్ ఉన్నదానికన్నా ముతకగా కనిపిస్తుంది. ఆ పక్కనే నాయిస్ రిడక్షన్ కూడా నడుస్తూ ఉంటుంది. ఒక చేత్తో గరుకు పెంచి ఇంకో చేత్తో తుడుస్తుందన్నమాట. మోషన్ స్మూతింగ్ అనే మరో సదుపాయం 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను కల్పించి సినిమాను సీరియల్‌లా చేస్తుంది. 2019లో యూహెచ్‌డీ అలయన్స్ (టీవీ కంపెనీలూ స్టూడియోలూ కలిసిన సంఘం) ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉన్న టీవీలో దాన్ని ఎంచుకుంటే ఇవన్నీ ఒకేసారి ఆగుతాయి. లేనివాటిలో ‘సినిమా’ లేదా ‘మూవీ’ మోడ్ పెట్టి, షార్ప్‌నెస్ బాగా తగ్గించి, నాయిస్ రిడక్షన్ ఆపేస్తే సరిపోతుంది.

ఆ తర్వాత ఏ ‘4కె’ వీడియోనైనా నిగ్గుతేల్చడానికి ముఖాల దగ్గరి షాట్ల కన్నా నీళ్ళున్న దూరపు షాటు మంచిది. పడవనూ మనిషినీ వదిలేసి, వాటికి దూరంగా ఉన్న నీటిని నాలుగైదు సెకన్లు చూడాలి. అలల తళుకులు వేటికవిగా ఆరుతూ వెలుగుతూ, ఆకాశంలో సన్నని కదలిక ఉంటే ఆ స్కాను మంచి రీలు నుంచి వచ్చినట్టే, బిట్లు కూడా చాలినట్టే. ఆకాశం అద్దంలా ఉండి, నీరు ముద్దలు ముద్దలుగా ఒకేసారి జరిగితే తుడుపు మీట గట్టిగా తిరిగిందని అర్థం. ఆకాశంలో మెట్లు మెట్లుగా వలయాలు, నీటిలో చతురస్రాలు కనిపిస్తే సినిమాను తప్పుపట్టేముందు ఇంటర్నెట్ వేగం, యాప్‌లో ఎంచుకున్న రిజల్యూషన్ ఒకసారి చూసుకోవడం న్యాయం.